నెల్లూరు అనే ఓడ

చెన్నూరు,
కడప జిల్లా.

రేయ్ అబ్బీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఇంజన్ హోరులో సగం మాటలు కొట్టుకుపోయినా అడిగిన సంగతి అర్థమయింది. ఈ కాంట్రాక్టు అయిపోతానే ఏజెంటు ఇంకో ఓడ చూపిస్తా ఉండాడు, జీతం ఎక్కువ, ఎర్రసముద్రం మీదుగా పోవాల, సంతకం పెట్టమంటావా వద్దంటావా అని. దాని వెనకాలే నవ్వుకుంటా ఇంకొకటి అడిగినావు: "పిల్లోళ్ళకు చరిత్ర చెప్తావు గదా సామీ, యుద్ధంలో మా మాదిరి సరుకు ఓడను ముంచితే ఆ లెక్క ఎవరి ఖాతాలో రాస్తారో కొంచెం చూసి చెప్పు."

రెండోది నువ్వు ఎగతాళికే అడిగినా, మొదటిదానికి జవాబు దాంట్లోనే ఉందనిపించింది. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటోలు తీసి పంపుతా ఉండా. సిగ్నల్ దొరికిన రేవులో దించుకుని, డ్యూటీ దిగినాక తీరిగ్గా చదువుకో.

ముందు ఊరి సంగతులు. పెద్దమ్మ బాగుంది. మోకాలు నొప్పి అంటానే పసుపు ఉడకబెట్టే దగ్గరికి పొద్దున్నే పోయి కూర్చుంటుంది, కూలోళ్ళకు సలహాలు చెప్పకపోతే ఆమెకు పొద్దు పోదు. కొమ్ములు బాగానే ఊరినాయి. ధర మాత్రం వ్యాపారి నోట్లోంచి వచ్చేదాకా ఎవరికీ తెలీదు. చెల్లెలి పెండ్లికి చేసిన అప్పులో ఇంకా ఎంత మిగిలి ఉందో నాకు తెలుసు. ఎక్కువ జీతం మాట నీ నోటికి ఎందుకొచ్చిందో అందుకే నన్ను వేరే అడగాల్సిన పనిలేదు.

కేసీ కాలువ గట్టు మీద పోతా ఉంటే ఒక సంగతి గుర్తొచ్చింది. 1860లలో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ కాలువ తవ్వినప్పుడు వాళ్ళ లెక్కలో పొలాలకు నీళ్ళే కాదు, పడవలు కూడా ఉండినాయి. సుంకేసుల కాడ తుంగభద్ర నీళ్ళు ఎత్తి కడప దాకా తెచ్చి, దాని మీద సరుకు పడవలు నడిపి కిరాయి సంపాదించాలని వాళ్ళ ఎత్తు. ఆ కిరాయితో కంపెనీ బాగుపడలేదు, 1882లో సర్కారే కాలువను కొనేసింది. ఆ పడవల సంగతి వదిలేస్తే, నువ్వు ఓడ ఎక్కేదాకా మన ఊరికి నీటి మీద బతికే బతుకుతో సంబంధం లేదు. మనకు తెలిసింది పెన్న ఒక్కటే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దాటి మన ఊరి పక్కగా పోయి, సిద్ధవటం దాటి, నెల్లూరు దాటినాక సముద్రంలో పడే పెన్న.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నెల్లూరు పేరుతో ఒక ఓడ ఉండేది.

1913లో స్కాట్లండులోని గ్రీనక్ రేవులో కెయిర్డ్ కంపెనీ దాన్ని కట్టింది. కట్టించుకున్నది పీ అండ్ ఓ, మన దేశానికి బ్రిటన్‌కు నడుమ టపా, మనుషులు, సరుకులు మోసిన పెద్ద కంపెనీ. ఆ కాలంలో వాళ్ళు వరసగా కట్టించిన ఓడలకు 'ఎన్'తో మొదలయ్యే ఊర్ల పేర్లు పెట్టుకుంటూ పోయినారు: నాన్‌కిన్, నొవారా, నగోయా, నమూర్, నెల్లూర్. అట్ల మొలగొలుకుల ఊరు ఒక సుమారు 6,900 టన్నుల ఇనుముకు పేరయింది. తర్వాత నెల్లూరును, నాన్‌కిన్‌ను ఈస్టర్న్ అండ్ ఆస్ట్రేలియన్ కంపెనీ కొనింది.

ఈ అక్కచెల్లెళ్ళకు సుఖమైన చావు రాసిపెట్టి లేదు. నమూర్‌ను మొదటి ప్రపంచ యుద్ధంలోనే జర్మన్ జలాంతర్గామి ముంచేసింది. నాన్‌కిన్‌ను 1942 మే 10న హిందూ మహాసముద్రంలో థోర్ అనే జర్మన్ దాడి ఓడ పట్టుకుంది, పేరు మార్చి వాడుకుంది, ఆ ఏడాది నవంబర్ 30న యొకొహామా రేవులో జరిగిన పెద్ద పేలుడులో అది కాలిపోయింది. నెల్లూరు మాత్రం 31 ఏళ్ళు బతికింది. నువ్వు ఎక్కిన ఓడల్లో అంత వయసున్నది ఉండదు. ఇప్పుడైతే అలంగ్‌కు తోలేసి ముక్కలు కోయించేవాళ్ళు.

1944 జూన్‌లో ఆ ముసలి ఓడ బొంబాయి నుంచి ఆస్ట్రేలియాకు బయలుదేరింది. సిబ్బంది, ప్రయాణికులు, ఓడ మీద అమర్చిన ఫిరంగి కాడ నిలబడే గన్నర్లు, అంతా కలిపి 341 మంది. జూన్ 29న చాగోస్ దీవులకు తూర్పున ఉంది. కాపలాకు యుద్ధ ఓడ పక్కన లేదు. జపాను జలాంతర్గామి ఐ-8 టార్పెడోతో కొట్టి, నీళ్ళ మీదికి తేలి, ఫిరంగితో కాల్చి మిగిలిన పని ముగించింది. 79 మంది పోయినారు.

ఇంజన్ రూములో పనిచేసేవాడివి, టార్పెడో తగిలితే ఏమవుతుందో నీకు నేను చెప్పాల్సిన పనిలేదు గానీ, ఒక సంగతి చెప్తా. జపాను జలాంతర్గాములు వాడిన 95 రకం టార్పెడో గాలితో కాక స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నడిచేది. మామూలు టార్పెడో వస్తే నీళ్ళలో బుడగల చార కనబడుతుంది, కాపలా నిలబడినవాడు చూసి కేక పెడితే ఓడను పక్కకు తిప్పే సందు ఉంటుంది. దీనికి ఆ చార దాదాపు ఉండదు. గంటకు 90 కిలోమీటర్ల వేగం, మూతిలో 400 కిలోల మందు. గురి పెట్టేది ఓడ నడుమ భాగానికి, అంటే బాయిలర్లు, ఇంజన్ ఉండే చోటికే. పైన డెక్కు మీద ఉండేవాడికి లైఫ్‌బోటు కాడికి ఉరికే దారి ఉంటుంది. కింద కొలిమి ముందర ఉండేవాడికి ఇనప నిచ్చెనలు తప్ప వేరే దారి లేదు. ఆ నిచ్చెన ఎంత పొడుగో నీకే తెలుసు.

నెల్లూరు నుంచి పడవల్లోకి దిగినవాళ్ళలో 112 మందిని జులై 1న లాసీ అనే బ్రిటిష్ యుద్ధ ఓడ ఎక్కించుకుంది. ఒక పడవ మాత్రం ఎవరి కంటా పడలేదు. గాలివాటున పడమరగా పోతా, వారాల తరబడి ఆ మహాసముద్రం మీదే ఉండి, చివరికి మడగాస్కర్ తీరం చేరింది. అటు తల తిప్పి మ్యాపులో చూడు, చాగోస్ యాడుంది, మడగాస్కర్ యాడుంది అని. తెరచాప, తెడ్లు, కొలిచి పోసుకునే మంచినీళ్ళు, అంతే వాళ్ళ ఆస్తి.

ఆ ఐ-8 గురించి కూడా తెలుసుకోవాల. 1943లో అది జపాను నుంచి ఫ్రాన్సులో జర్మన్ల చేతిలో ఉన్న బ్రెస్ట్ రేవు దాకా పోయి, క్షేమంగా తిరిగొచ్చింది. ఆ యుద్ధంలో అట్ల పోయి రాగలిగిన జపాను జలాంతర్గామి అదొక్కటే. నౌకావిద్యలో అంత గొప్ప ఓడ. కమాండరు మారి అరియిజుమి చేతికొచ్చినాక అదే ఓడ కసాయి కొట్టమయింది. 1944 మార్చి 26న చిసలాక్ అనే డచ్చి ఓడను ముంచింది. మెల్బోర్న్ నుంచి కొలంబోకు పిండి మోస్తున్న ఓడ. వందమందికి పైగా ఉండినారు, వాళ్ళలో స్వదేశానికి తిరిగొస్తున్న మన లస్కర్లు, అంటే తెల్లవాళ్ళ ఓడల మీద పనిచేసే భారతీయ నావికులు కూడా. పడవల్లో ఉన్నోళ్ళను జలాంతర్గామి డెక్కు మీదికి ఎక్కించి, కత్తులతో నరికి, కాల్చి నీళ్ళలోకి తోసినారు. ఐదుగురు బతికినారు. ఆ ఐదుగురిలో ఒకడు భారతీయ లస్కరు.

నెల్లూరును ముంచిన మూడో రోజు, జులై 2న, జీన్ నికొలే అనే అమెరికన్ ఓడ మీద మళ్ళీ అదే ఘోరం. చేతులు కట్టేసి డెక్కు మీద కూర్చోబెట్టినవాళ్ళు ఇంకా ముప్పై మంది దాకా ఉండగానే విమానం చప్పుడు వినబడింది, జలాంతర్గామి వాళ్ళను అట్లనే వదిలి మునిగింది. కట్లు తెంపుకోగలిగినోళ్ళు రాత్రంతా ఈదినారు. జులై 4న వాళ్ళను నీళ్ళలోంచి తీసింది రాయల్ ఇండియన్ నేవీ వాళ్ళ చిన్న ఓడ, హోక్సా. నూరుమందిలో ఇట్ల బతికినోళ్ళు 23 మంది. ఫ్రాన్సిస్ ఓగారా అనే ఆయన్ను ఐ-8 పట్టుకుపోయింది. చచ్చిపోయినాడనుకుని అమెరికావాళ్ళు ఒక కొత్త ఓడకు ఆయన పేరు పెట్టేసినారు. యుద్ధం ముగిసినాక ఆయన జపాను చెరలోంచి నడుచుకుంటా బయటికి వచ్చినాడు. ఐ-8 మాత్రం 1945 మార్చి 31న ఒకినావా దగ్గర అమెరికన్ డిస్ట్రాయర్ల చేతిలో మునిగింది. అరియిజుమి అప్పటికి వేరే ఓడకు మారి ఉన్నాడు. జపాను లొంగిపోయినాక ఆ ఓడలోనే తనను తాను కాల్చుకున్నాడు.

దీనికి చట్టం లేదా అంటావేమో. ఉంది. 1936లో లండన్‌లో పెద్ద దేశాలన్నీ ఒప్పుకుని సంతకాలు చేసిన కాగితం ఉంది. వర్తక నౌకను ముంచే ముందు దాంట్లోని మనుషులను, కాగితాలను క్షేమమైన చోటికి చేర్చాల. నడిసముద్రంలో లైఫ్‌బోటు క్షేమమైన చోటు కింద లెక్క కాదు, తీరమో ఇంకో ఓడో దగ్గర్లో ఉంటే తప్ప. అంత స్పష్టంగా రాసుకున్నారు. జపాను సంతకం పెట్టింది, జర్మనీ ఒప్పుకుంది, బ్రిటన్, అమెరికా ఉండనే ఉన్నాయి. యుద్ధం వచ్చినాక ఆ కాగితాన్ని పాటించినోళ్ళు లేరు. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన రోజునే అమెరికా తన జలాంతర్గాములకు జపాను ఓడ ఏది కనబడినా ముంచేయమని ఆజ్ఞ ఇచ్చింది. తర్వాత న్యూరెంబర్గ్ విచారణలో జర్మన్ అడ్మిరల్ డోనిట్జ్ తరఫు వకీలు ఇదే సంగతిని అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ చేత రాతపూర్వకంగా చెప్పించుకున్నాడు. మీరూ అదే చేసినారు గదా అన్నట్టు. అందుకే ఆ ఒక్క నేరానికి డోనిట్జ్ శిక్ష పెరగలేదు.

జపానువాళ్ళొక్కరే అట్లాంటోళ్ళు అనుకునేవు. 1943 జనవరి 26న న్యూగినీ ఉత్తరాన అమెరికన్ జలాంతర్గామి వాహూ, బుయో మారు అనే జపాను ఓడను ముంచింది. నీళ్ళలో పడవల్లో తేలుతున్నోళ్ళ మీద కాల్పులు జరిపించింది. ఆ ఓడలో జపాను సైనికులతో పాటు వాళ్ళు సింగపూరులో పట్టుకున్న మన భారతీయ సిపాయిలు కూడా ఖైదీలుగా ఉండినారు. ఆ రోజు చనిపోయిన భారతీయులు 195 మంది, జపానువాళ్ళు 87 మంది. మనవాళ్ళను బ్రిటిష్ సైన్యం పంపింది, జపాను బంధించింది, అమెరికా చంపింది. ఖాతా ఎవరిదో నువ్వే చెప్పు.

ఇదంతా యాడో జరిగిన కథ అనుకోవద్దు. 1942 జనవరి చివర్లో ఐ-64 అనే జపాను జలాంతర్గామి మద్రాసు ముందర కాపు కాసింది. ఫ్లోరెన్స్ లుకెన్‌బాక్ అనే అమెరికన్ ఓడను ముంచిన చోటికీ మద్రాసు ఒడ్డుకూ, మన ఊరి నుంచి ప్రొద్దుటూరుకు ఉన్నంత దూరం కూడా లేదు. అదే వారంలో సింధియా కంపెనీ ఓడలు జలతరంగ్, జలపాలక పోయినాయి. దానికి కొంచెం ముందే సుమత్రా వైపు అదే కంపెనీ జలరాజన్ పోయింది. సింధియా అంటే వాల్‌చంద్ హీరాచంద్ వాళ్ళది, తెల్లవాళ్ళ కంపెనీలతో పోటీపడి 1919లో లాయల్టీ అనే ఓడను బొంబాయి నుంచి లండన్‌కు నడిపిన స్వదేశీ కంపెనీ. ఆ ఓడ బయలుదేరిన ఏప్రిల్ 5నే మనం జాతీయ నౌకాయాన దినం జరుపుకుంటా ఉండాం. ఒక్క నెలలో మూడు ఓడలు పోతే ఏ కంపెనీకైనా నడుం విరుగుతుంది. కొత్తవి కట్టుకుందామంటే ఆ కంపెనీ కొత్త యార్డు విశాఖలో. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేసినారు. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేసినాయి. పని చెదిరిపోయింది. అక్కడ కట్టిన మొదటి ఓడ జల ఉష నీళ్ళలోకి దిగేసరికి 1948 మార్చి 14, దింపింది నెహ్రూ.

అప్పటిదాకా కాకినాడ, విశాఖ, భీముని పట్నం నుంచి రంగూన్‌కు కూలీల ఓడలు వారం వారం పోయేవి. ఆ దారి మూతపడింది. బర్మా బియ్యం ఆగిపోయింది. మనకు జొన్న, కొర్ర ఉన్నా కిరసనాయిలుకు, గుడ్డకు జనం బారులు తీరినారు. సముద్రం మొగమే ఎరగని ఊర్లకు మునిగిన ఓడల సంగతి చేరింది ఇట్లనే, కొట్టు ముందర ధర మారిపోయి.

ఇంక లస్కర్ల సంగతి, అంటే నీ సంగతి. యుద్ధం మొదలయ్యే నాటికి బ్రిటిష్ వర్తక నౌకల మీద పనిచేసేవాళ్ళలో ఇంచుమించు నాలుగో వంతు మన దేశంవాళ్ళు. సిల్హెట్, నవాఖాలీ, చిట్టగాంగ్, రత్నగిరి, గోవా, పంజాబు నుంచి పోయినోళ్ళు. డెక్కు మీద మేస్త్రీల మాదిరి సారంగు, టండేలు, వాళ్ళ కింద లస్కర్లు. ఇంజన్‌లో బొగ్గు వేసేవాళ్ళు, నూనె పోసేవాళ్ళు. అదే ఓడ, అదే టార్పెడో, జీతం మాత్రం తెల్ల నావికుడి జీతంలో మూడో వంతు కూడా కాదు. పడుకునే చోటు ఎన్ని ఘనపుటడుగులు ఉండాలో చట్టమే రాసింది, వాళ్ళకు తక్కువగా. 1941 దాకా బ్రిటిష్ నావికుడికి కూడా ఓడ మునిగిన రోజుతోనే జీతం ఆగేది, తెడ్డు పట్టుకుని ప్రాణాల కోసం తిరుగుతున్న రోజులకు కూలి లేదు. అట్లాంటప్పుడు లస్కరు మాట చెప్పాల్నా.

అయినా వాళ్ళు నోరు మూసుకుని ఉండలేదు. 1939 చివర్లో లండన్, గ్లాస్గో, లివర్‌పూల్ మొదలు కేప్‌టౌన్ దాకా రేవుల్లో ఓడ దిగి కూర్చున్నారు. "యుద్ధంలోకి పంపేటట్టయితే జీతం పెంచండి, లేకపోతే కదలం" అన్నారు. కలకత్తాలో ఆఫ్తాబ్ అలీ, లండన్‌లో మన ఒడిశా కటక్ నుంచి పోయిన సూరత్ అలీ వాళ్ళ తరఫున నిలబడినారు. ఒప్పందం తప్పినారని వందల మందిని జైళ్ళలో వేసినారు. చివరికి జీతాలు పెంచక తప్పలేదు. కానీ వద్దనే హక్కు మాత్రం వాళ్ళకు రాలేదు. ఒకసారి వేలిముద్ర పడినాక ఓడ యాడికి పోతే ఆడికి పోవాల్సిందే. కాదంటే జైలు.

ఆ యుద్ధంలో సుమారు 6,600 మంది భారతీయ వర్తక నావికులు చనిపోయినారు. బ్రిటిష్ వర్తక నౌకల మీద మొత్తం 30 వేలకు పైగా. జపాను వర్తక నావికులు 60 వేలకు పైగా. ఆ దేశ సైన్యంలో కంటే, నౌకాదళంలో కంటే సరుకు ఓడల మీదే నూటికి ఎక్కువమంది పోయినారు. తుపాకీ పట్టినోడి కంటే బియ్యం మూట మోసినోడికే గండం ఎక్కువ. లండన్‌లో టవర్ హిల్ కాడ వర్తక నావికుల స్మారకం ఉంది, ఆ యుద్ధంలో పోయిన దాదాపు 24 వేల మంది పేర్లు కంచు పలకల మీద చెక్కి ఉంటాయి. మన లస్కర్ల పేర్లు పుస్తకంలో రాసి పెట్టినారు. ఒక ప్రతి ముంబైలోని ఇండియన్ సెయిలర్స్ హోమ్‌లో, ఇంకొకటి చిట్టగాంగ్‌లో. అడిగితే తీసి చూపిస్తారు. నువ్వడిగిన ఖాతా అదే. రాసినారు, కానీ మూసి పెట్టినారు.

ఇప్పుడు నీ ఎర్రసముద్రం. ఈసారి జలాంతర్గామి కాదు, డ్రోన్లు, క్షిపణులు. మిగిలిన కథ మారలేదు. 2024 జనవరిలో మార్లిన్ లువాండా అనే చమురు ఓడకు క్షిపణి తగిలి మంటలు లేస్తే, ఆర్పేదానికి పోయింది మన నౌకాదళం ఓడ ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ ట్యాంకరు మీద 22 మంది మనవాళ్ళే. ఆ మార్చిలో రూబీమార్ అనే సరుకు ఓడ మునిగింది. 2025 జులైలో రోజుల తేడాలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి అనే రెండు ఓడలు మునిగినాయి. రెండూ నడిపింది గ్రీకు కంపెనీలు, ఎగరేసింది లైబీరియా జెండా, పనిచేసినవాళ్ళలో ఎక్కువ మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఎటర్నిటీ సి మీద ప్రాణాలు కూడా పోయినాయి. ఆ యుద్ధం గ్రీకువాళ్ళది కాదు, లైబీరియావాళ్ళది కాదు, మనీలా నుంచి వచ్చిన పిల్లోళ్ళది అసలే కాదు.

అట్లయినా నీకూ 1939 నాటి లస్కరుకూ ఒక పెద్ద తేడా ఉంది. అది చెప్పేదానికే ఇంత రాసినాను. కార్మిక సంఘాల సమాఖ్య ఐటీఎఫ్, ఓడ యజమానులు కలిసి కూర్చునే ఇంటర్నేషనల్ బార్గెయినింగ్ ఫోరం, ఐబీఎఫ్, ఒకటుంది. యుద్ధం లాంటి ప్రాంతాలు ఏవో వాళ్ళు గీత గీసి ప్రకటిస్తారు. ఆ ఒప్పందం కిందున్న ఓడ అట్లాంటి చోటికి పోయేటప్పుడు నావికుడు రానని చెప్పొచ్చు. కంపెనీ తన ఖర్చుతో ఇంటికి పంపాల, కాదన్నందుకు పనిలోంచి తీసెయ్యకూడదు. పోతానంటే అక్కడున్న రోజులకు మూల జీతమంత అదనం, ప్రాణం మీదికొస్తే పరిహారం రెట్టింపు. నౌకా కార్మికుల ఒప్పందం, ఎంఎల్‌సీ 2006, ఇంకొకటుంది, దాన్ని మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం ఓడ మునిగిపోతే జీతం ఆ రోజుతో ఆగదు, పని లేని రోజులకు పరిహారం ఇవ్వాల, మొత్తాన్ని రెండు నెలల జీతానికి పరిమితం చెయ్యొచ్చు. నెల్లూరులో కొలిమి కాడ నిలబడినోడికి ఈ కాగితాల్లో ఒక్కటీ లేదు. వాటిని సంపాదించిపెట్టింది జైలుకు పోయిన వాళ్ళ మాదిరి మనుషులే.

కాబట్టి నీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. వద్దని నేననను, ఓడ మీద బతుకు నీది, అప్పు నీది. కానీ చూడకుండా మాత్రం సంతకం పెట్టొద్దు. ఏజెంటుకు నౌకాయాన డైరెక్టరేట్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందా, ఆ నంబరు నాకు పంపు, సర్కారు జాబితాలో నేను చూస్తా. ఓడ ఐబీఎఫ్ ఒప్పందం కింద ఉందా లేదా అని సూటిగా అడుగు. "ఉంటుందిలే" అంటే లేదనే అర్థం. బీమా సర్టిఫికెట్టు ఓడలో అందరికీ కనబడే చోట తగిలించి ఉండాల, ఏ దేశం కంపెనీ ఇచ్చింది, ఎప్పటిదాకా అని ఫోటో తీసి పెట్టుకో. సీమెన్ యూనియన్ ఎన్‌యూఎస్‌ఐలో నీ చందా కట్టి ఉందో లేదో చూసుకో, లేకపోతే ఇప్పుడే కట్టు. ఓడ దారి మారుస్తా ఉండామని నడిసముద్రంలో చెప్తే, రానని రాతలో ఇవ్వు, నోటిమాట చాలదు. మాస్టరు ముందర సిగ్గుపడొద్దు. జతగాళ్ళు పిరికోడు అంటారేమోనని ఆలోచించొద్దు. వాళ్ళలో సగం మంది నీ నోట్లోంచి ఆ మాట రావాలని ఎదురుచూస్తా ఉంటారు.

ఇంకోటి, వద్దనేదానికి దారి ఇంటికాడ కూడా తెరిచి పెట్టాల. రానని చెప్పొచ్చని చట్టంలో ఉన్నా, నెల నెలా వడ్డీ కట్టాల్సినోడు ఆ హక్కును వాడుకోలేడు. లస్కరును ఓడ ఎక్కించింది తెల్లోడి చట్టమొకటే కాదు, ఊర్లో సారంగు కాడ ముందే తీసుకున్న బయానా కూడా. అందుకని నిన్న నేను, మీ బావ కూర్చుని లెక్క చూసినాం. పసుపు అమ్మినాక వచ్చే డబ్బులో పెద్ద భాగం ఆ అప్పుకే వేద్దాం. మిగిలిన దానికి వడ్డీ తగ్గించమని అప్పిచ్చినాయనతో నేను పోయి మాట్లాడతా, మాట్లాడగలిగినంత చనువు నాకు ఆయన కాడ ఉంది. మామూలు దారిలో పోయే ఓడ, మామూలు జీతం చాలు నీకు. ఏడాది ఎక్కువ పడుతుంది, అంతే.

ఏజెంటు తొందర పెడతాడు. ఎల్లుండికల్లా చెప్పమంటాడు, వెనకాల పదిమంది ఉండారంటాడు. ఉండనీ. కాంట్రాక్టు కాగితాలన్నీ ఫోటో తీసి ముందు నాకు పంపు. నేను చదివి, నీతో మాట్లాడేదాకా సంతకం పెట్టొద్దు. పెద్దమ్మకు ఈ సంగతులేవీ చెప్పలేదు. నువ్వు ఫోను చేసినప్పుడు ఎర్రసముద్రం పేరు ఎత్తొద్దు.

ఇట్లు,
నీ జతగాడు